ఇంజెక్టర్ పోయిందన్నారా? విప్పే ముందు ఇవి చూడండి

బండి ఊగుతోంది, పికప్ లేదు, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ వెలిగింది. ఇక అందరి నోటా ఒకటే మాట: "ఇంజెక్టర్ పోయిందండీ." ఇంజెక్టర్ అంటే ఇంజిన్‌లోకి డీజిలో పెట్రోలో కొలిచి చిమ్మే భాగం. విజయవాడ ఆటోనగర్‌లో మాది డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు చూసే షాపు. ఇంజెక్టర్ విప్పితేనే మాకు నాలుగు డబ్బులు. అయినా చెబుతున్నా, కొత్త కారులో ఇంజెక్టర్ మీద అనుమానం వస్తే దాన్ని అన్నిటికంటే చివర విప్పాలి. అంతకు ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. అందులో కొన్ని మీరు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు, కొన్ని సర్వీస్ సెంటర్ వాళ్ళ చేత చేయించుకోవాలి, కొన్నిటి జోలికి ఎవరూ పోకూడదు.

ముందు రోడ్డు మీద సంగతి. ఇంజిన్ లైటు పసుపు రంగులో నిలకడగా వెలుగుతూ, బండి నీరసంగా అయినా నడుస్తుంటే, ఏసీ ఆపేసి నెమ్మదిగా ఇంటికో షెడ్డుకో చేరుకోవచ్చు. అదే లైటు ఆగి ఆగి కొట్టుకుంటోందంటే లెక్క వేరు. పెట్రోలు బండిలో ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండటం లేదు. ఆ మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, దాన్ని తగలేస్తుంది. ఇంజెక్టర్ ఖర్చుకు ఇంకో పెద్ద ఖర్చు తోడవుతుంది. కాలు తీసేసి, పక్కకి ఆపి, టోయింగ్ బండిని పిలవండి.

డీజిల్ బండిలో తెల్లపొగ గుప్పుమని వస్తూ, లోపల టకటకమని గట్టిగా మోత వినిపిస్తే వెంటనే ఇంజిన్ ఆపెయ్యండి. ఇంజెక్టర్ మూసుకోకుండా తెరిచి ఉండిపోతే డీజిల్ ఆవిరిగా కాకుండా ధారగా పడుతుంది, పిస్టన్ నెత్తి కరిగిపోతుంది. "ఇంకో రెండు కిలోమీటర్లేగా, ఇల్లు వచ్చేస్తుంది" అనుకుంటే ఆ రెండు కిలోమీటర్లలోనే ఇంజిన్ దించాల్సిన పని పడుతుంది. ఇంకొకటి. రాత్రంతా ఆగి ఉన్న పెట్రోలు బండికి పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్కున ఆగిపోయి, పచ్చి పెట్రోలు వాసన వస్తే మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు. కారుతున్న ఇంజెక్టర్ సిలిండర్‌ని నింపేసి ఉండొచ్చు. గాలి నొక్కితే అణుగుతుంది, పెట్రోలు అణగదు. మొండిగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బ్యాటరీ టెర్మినల్ పీకనివ్వకండి

బండి మొరాయించగానే చుట్టుపక్కల నుంచి ఒకాయన స్పానర్ పట్టుకుని వస్తాడు. "బ్యాటరీ టెర్మినల్ పీకి పది నిమిషాలు ఆగి పెడితే లైటు పోతుంది సార్" అంటాడు. పోతుంది, నిజమే. దాంతో పాటు సాక్ష్యం కూడా పోతుంది. లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎం మీద ఉంది, బండి ఎంత వేగంలో ఉంది, ఇవన్నీ ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, ఒక ఫొటో తీసినట్టు దాచిపెట్టుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. టెర్మినల్ పీకినా, బండి తప్పు కోడ్‌లు చదివే చిన్న స్కానర్‌తో కోడ్ చెరిపేసినా చాలా బళ్ళలో అది గల్లంతవుతుంది. మర్నాడు మీరు సర్వీస్ సెంటర్‌కి వెళ్తే వాళ్ళు స్కానర్ పెట్టి "ఏ ఫాల్టూ చూపించట్లేదు సార్" అని తాళాలు చేతిలో పెడతారు. వాళ్ళ మాటా అబద్ధం కాదు.

దానికి బదులు ఫోన్ తీసి వీడియో తియ్యండి. డ్యాష్‌బోర్డు లైట్లు, ఆర్‌పీఎం ముల్లు ఊగడం, బానెట్ తెరిచి ఇంజిన్ చప్పుడు, వెనక పొగ రంగు. ఒక కాగితం మీద ఈ నాలుగు ముక్కలు రాసుకోండి: పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఇబ్బంది పెడుతోందా, వేడెక్కాకా? ఖాళీగా నిలబడినప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? ఆఖరిసారి ఎక్కడ, ఎప్పుడు, ఎంత పోయించారు? ఈ మధ్య వాననీళ్ళలో దిగిందా? ఈ కాగితం చేతిలో ఉన్న కస్టమర్‌తో మాట్లాడితే నాకు సగం పని అయిపోతుంది.

ఉదాహరణకి, డీజిల్‌లో పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వచ్చి, ఒకసారి పట్టుకున్నాక రోజంతా బాగానే ఉంటే, నేను ముందు ఇంజెక్టర్ వైపు చూడను. ఫిల్టర్ దగ్గరో పైపుల దగ్గరో గాలి పీల్చి, రాత్రికి డీజిల్ వెనక్కి జారుతోందేమో చూస్తా. అదే పొద్దున్న ఠక్కున పట్టుకుని, బాగా వేడెక్కాక హోటల్ దగ్గర ఆపి టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ కాకపోతే అప్పుడు ఇంజెక్టర్ మీద అనుమానం గట్టిపడుతుంది. వేడికి డీజిల్ పల్చబడి, అరిగిన ఇంజెక్టర్ లోంచి రిటర్న్ వైపు, అంటే వెనక్కి పోయే దారిలోకి, ఎక్కువ జారిపోతుంది. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టాన్ని రైలు అంటాం, ఆ రైల్లో ఒత్తిడి లేవదు.

డిప్‌స్టిక్ అబద్ధం చెప్పదు

ఇది ఎవరైనా చేసుకోగలిగిన పని, ఎవరూ చెయ్యని పని. బండి చదునైన చోట, చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ తగ్గితే పొయ్యడం అందరికీ తెలుసు. పెరిగితే? ఆయిల్ దానంతటది పెరగదు. ఎక్కువ పొయ్యకుండానే పై గీత దాటి ఉందంటే చాలావరకు డీజిలో పెట్రోలో కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తోంది. వేళ్ళ మధ్య రాసి చూస్తే జిగి తగ్గి నీళ్ళలా జారుతుంది, వాసన పట్టేస్తుంది. ఆ ఆయిల్‌తో బండి తిప్పితే బేరింగులు పోతాయి, టర్బో పోతుంది.

అయితే ఇక్కడ కూడా తొందరపడి ఇంజెక్టర్ మీద పడకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసిని కాల్చుకోవడానికి ఇంజిన్ అప్పుడప్పుడు అదనంగా డీజిల్ చిమ్ముతుంది. బెంజ్ సర్కిల్ నుంచి వన్‌టౌన్, వన్‌టౌన్ నుంచి ఇల్లు, ఇలా పొట్టి తిరుగుళ్ళే తిరిగే బండిలో ఆ కాల్చుడు మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది, ఆ డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఇంజెక్టర్ బాగానే ఉంటుంది, తిరుగుడే తేడా. నన్నడిగితే ఊళ్ళో రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాళ్ళు డీజిల్ కొనడమే దండగ. అది వేరే కథ.

కోడ్ చెప్పేది ఏమిటి, చెప్పనిది ఏమిటి

స్కానర్ పెట్టగానే పీ0201 నుంచి పీ0204 వరకు ఏదో ఒకటి వచ్చిందనుకోండి. "ఒకటో నెంబరు ఇంజెక్టర్ పోయింది" అనేస్తారు. ఆ కోడ్ చెప్పేది ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా ఉందని. సర్క్యూట్ అంటే ఇంజెక్టర్ ఒక్కటే కాదు, దాని కనెక్టర్, వైరు, ఈసీయూ దాకా ఉన్న దారి అంతా. మన దగ్గర ఆ దారిలో కూర్చునేది ఎవరో తెలుసా? ఎలుక. నాలుగు రోజులు కదలకుండా పెట్టిన బండి ఇంజిన్ మీద ఎలుక గూడు పెట్టి, వైర్ల తొడుగు కొరికి రాగి బయటపెడుతుంది. టార్చి వేసి చూస్తే పెంటికలు, చింపిన స్పాంజి ముక్కలు కనబడతాయి. వైరు అతికితే పోయేదానికి ఇంజెక్టర్ కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

పీ0301 నుంచి పీ0304 అంటే ఆ సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని, అంటే సరిగ్గా మండట్లేదని మాత్రమే అర్థం. ఎందుకో అది చెప్పదు. పెట్రోలు బండిలో ముందు ప్లగ్గు, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ చూడాలి. మామూలు ఎంపీఎఫ్ఐ పెట్రోలు బండి, అంటే సిలిండర్ బయటే గాలి దారిలో పెట్రోలు చిమ్మే రకం అయితే పద్ధతి సులువు. రెండో సిలిండర్ మిస్సింగ్ అంటోంది కదా, దాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాని కాయిల్ దీనికి మార్చాలి. కోడ్ చెరిపి, కాసేపు నడిపి మళ్ళీ చూడాలి. మిస్సింగ్ మూడుకి వెళ్ళిందా, కాయిల్‌దే తప్పు. వెళ్ళలేదా, ప్లగ్గులు కూడా అలాగే అటూ ఇటూ మార్చి చూడాలి. అప్పటికీ రెండులోనే ఉంటే ఇంజెక్టర్లు అటూ ఇటూ మార్చి చూడాలి. ఇంజెక్టర్‌తో పాటు కోడ్ కూడా జరిగితే ఇక వాదన లేదు. అది కూడా జరగలేదంటే కంప్రెషన్, వాల్వులు చూడాలి, అప్పుడు ఇంజెక్టర్ పేరెత్తడం అనవసరం. వారంటీలో ఉన్న బండికి ఇదంతా సర్వీస్ సెంటర్ వాళ్ళ చేతే చేయించండి. ఎలా చేస్తారో తెలిసుంటే "మార్చి చూశారా?" అని అడగగలరు. అడిగితే చేస్తారు.

ఎంపీఎఫ్ఐలో ఇంజెక్టర్ దగ్గర ఒత్తిడి మూడు నాలుగు బార్లు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఇప్పుడొస్తున్న టర్బో పెట్రోలు బళ్ళలో చాలావాటికి నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే ఇంజెక్టర్లు. వాటిలో ఒత్తిడి 200 బార్లు, కొన్నిట్లో 350 దాకా ఉంటుంది. వాటి మొనకి ఉండే టెఫ్లాన్ సీలు తీసిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి, వెయ్యడానికి ప్రత్యేకం పనిముట్లు కావాలి. చెట్టు కింద విప్పే సరుకు కాదది.

పీ0087 వస్తే రైల్లో ఒత్తిడి చాలట్లేదని. ఫిల్టర్ మూసుకుపోయిందా, ట్యాంకులో పంపు బలహీనపడిందా, గాలి పీలుస్తోందా, హై ప్రెషర్ పంపు అరిగిందా, ప్రెషర్ వాల్వు వదిలేస్తోందా, ఇంజెక్టర్ లీకా? ఆరుగురు అనుమానితుల్లో ఇంజెక్టర్ ఒకడు.

నూజివీడు మాస్టారి బండి

మొన్నటికి మొన్న నూజివీడు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. చిన్న డీజిల్ ఎస్‌యూవీ. వారంటీ దాటి ఎన్నాళ్ళో కాలేదు.

"మేస్త్రి గారూ, నాలుగు ఇంజెక్టర్లూ పోయాయంట. లక్ష దాటుతుందన్నారు."

"ఎవరు చూసి చెప్పారు మాస్టారూ?"

"స్కానర్ పెట్టి చెప్పారయ్యా. పీ0087 అంట."

"విప్పి చూశారా? లీక్ ఆఫ్ పెట్టారా?"

"అదేంటి?"

అదేంటో చెబుతా, ఎందుకంటే డీజిల్ ఇంజెక్టర్ మంచిదో చెడ్డదో బండి మీదనే తేల్చే పరీక్ష ఇది. ప్రతి ఇంజెక్టర్ తనలోకి వచ్చిన డీజిల్‌లో కొంత వాడుకుని, కొంత సన్న గొట్టం ద్వారా వెనక్కి పంపుతుంది. ఆ రిటర్న్ గొట్టాలు తీసి, ఒక్కోదానికి గీతలున్న సీసా తగిలిస్తాం. నాలుగు సీసాలు బానెట్‌కి వేలాడుతూ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నట్టు ఉంటుంది చూడటానికి. ఇంజిన్‌ని కాసేపు ఖాళీగా తిప్పి, తర్వాత కొంచెం రేజ్ చేసి సీసాలు చూస్తాం. మూడింట్లో అడుగున వేలెడు ఉండి నాలుగోది సగం నిండితే దొంగ దొరికినట్టే. పీజో రకం (కరెంటు ఇస్తే సాగే స్ఫటికంతో తెరుచుకునే) ఇంజెక్టర్లకు మాత్రం రిటర్న్‌లో కూడా కొంత ఒత్తిడి ఉండాలి, వాటికి ఇలా గొట్టాలు పీకేయడం కుదరదు, పద్ధతి వేరు. మీ బండి ఏ రకమో అడగండి.

మాస్టారి బండికి నాలుగు సీసాలూ సమానంగా నిండాయి. ఆయన్ని పిలిచి చూపించా. తర్వాత ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్ళే గొట్టం తీసి, దాని స్థానంలో మా దగ్గరుండే పారదర్శకమైన గొట్టం పెట్టి స్టార్ట్ చేశాం. డీజిల్‌లో ఆవగింజలంత బుడగలు వరసగా పరుగెడుతున్నాయి. ఆయిల్ డబ్బాతో ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే స్క్రూ చుట్టూ రెండు చుక్కలు వెయ్యగానే బుడగలు ఆగాయి. దాని రబ్బరు రింగు నలిగి ఉంది, అంతకు ముందు ఫిల్టర్ మార్చినప్పుడు మడత పడినట్టుంది. రింగు మార్చాం. ఫిల్టర్‌లో నీళ్ళు, మడ్డి కూడా ఉన్నాయని ఫిల్టరూ మార్చాం. పంపు కొట్టి గాలి తీసి స్టార్ట్ చేస్తే సగం సెల్ఫ్‌కే పట్టుకుంది. మాస్టారు ఆ పాత రింగు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నారు, లక్ష అడిగినవాళ్ళకి చూపిస్తానని.

ఎవరూ చెయ్యకూడనివి

అంబాసిడర్లు, ట్రాక్టర్లు చేసిన చేతులకి ఒక అలవాటు ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి, ఏది వదిలితే మోత మారట్లేదో చూసి చెడ్డదాన్ని పట్టుకోవడం. పాత బళ్ళకు అది చక్కటి పద్ధతి. కామన్ రైల్ బండికి, అంటే ఒకే రైలు గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ వెళ్ళే ఇప్పటి డీజిల్ బండికి మాత్రం చావు. ఆ పైపులో 1,600 నుంచి 2,000 బార్ల ఒత్తిడి ఉంటుంది. ఆ సన్న ధార చర్మాన్ని సూదిలా దాటి లోపలికి డీజిల్ ఎక్కించేస్తుంది. బయటికి చిన్న చుక్కంత గాయమే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో తెలియకపోవచ్చు, లోపల కండ కుళ్ళుతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని ఊరుకోకండి, ఆ గంటలోనే ఆపరేషన్ చెయ్యగల ఆసుపత్రికి వెళ్ళి "డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయింది" అని చెప్పండి. లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూడటం కూడా ఇదే కోవలోది. అట్టముక్క పెట్టి చూడాలి, ఇంజిన్ ఆపాక కూడా ఒత్తిడి దిగే దాకా ఆగాలి.

నడుస్తున్న ఇంజిన్ మీద ఇంజెక్టర్ కనెక్టర్ పీకడం ఇంకో చెడ్డ అలవాటు. కామన్ రైల్ బండిలో ఇంజెక్టర్‌ని తెరవడానికి ఈసీయూ ఇచ్చే కరెంటు బ్యాటరీ 12 వోల్టులు కాదు, పీజో రకాల్లో వంద వోల్టులు దాటుతుంది. షాక్ కొడుతుంది, ఈసీయూ కూడా పోవచ్చు.

ఇక బంకు దగ్గర అమ్మే చిన్న సీసాలు, "ఇంజెక్టర్ క్లీనర్" అని. పాత ఎంపీఎఫ్ఐ బండికి పోసుకుంటే పోసుకోండి. వారంటీలో ఉన్న బండికి, గొడవ మొదలయ్యాక, ట్యాంకులో బయటి మందు ఏదీ పొయ్యకండి. రేపు వాళ్ళకి అదొక సాకు.

సర్వీస్ సెంటర్‌లో మాట్లాడే తీరు

వారంటీ ఉన్నంత కాలం మా లాంటి వాళ్ళ దగ్గరకు రావద్దు. వచ్చినా నేను ముట్టుకోను. ఒక్క బోల్టు మీద స్పానర్ గీత పడినా "బయట విప్పించారు" అంటారు.

జాబ్ కార్డ్ మీద "ఇంజెక్టర్ చెక్ చెయ్యండి" అని రాయించకండి. చాలామంది చేసే పని ఇదే. అలా రాయిస్తే వాళ్ళు ఇంజెక్టర్ చూసి "బాగానే ఉంది" అని ఇచ్చేస్తారు. బండి ఏం చేస్తోందో రాయించండి: "వేడెక్కాక స్టార్ట్ అవ్వట్లేదు, 80 వేగంలో ఎత్తు ఎక్కేటప్పుడు జెర్కులు, ఇంజిన్ లైటు రెండుసార్లు వెలిగింది." వీడియోలు అడ్వైజర్ వాట్సాప్‌కి పంపండి, తేదీతో సహా మీ దగ్గర ఉండిపోతాయి. స్కాన్ రిపోర్ట్ ప్రింట్ అడగండి. మళ్ళీ అదే కంప్లైంట్‌తో వెళ్తే కొత్త జాబ్ కార్డ్ తీయించండి, "మొన్నటిదే కదా సార్, కార్డెందుకు" అంటే ఒప్పుకోవద్దు. వారంటీ గడువు లోపలే ఫిర్యాదు మొదలైందని చెప్పడానికి మీకున్న కాగితం అదొక్కటే.

అసలు తంటా ఎక్కడొస్తుందంటే, "ఇంజెక్టర్ పోయిన మాట నిజమే సార్, కానీ కల్తీ డీజిల్ వల్ల పోయింది, వారంటీ వర్తించదు" అన్న దగ్గర. ఆ షరతు దాదాపు అన్ని వారంటీ పుస్తకాల్లోనూ ఉంటుంది. ఒక్కోసారి నిజం కూడా. కానీ ఆ మాట నోటితో అంటే సరిపోదు. కల్తీ ఉందని ఎలా తేల్చారో రాతపూర్వకంగా ఇమ్మనండి. శాంపిల్ మీ ఎదురుగా తియ్యమనండి. ఫిల్టర్ అడుగు నుంచి, ట్యాంకు నుంచి విడివిడిగా, శుభ్రమైన గాజు సీసాల్లోకి. ఒక గంట కదలకుండా పెడితే డీజిల్‌లో నీళ్ళుంటే అడుగుకి దిగి గీత గీసినట్టు కనబడతాయి. ఫొటో తియ్యండి. ఒక సీసా మూత బిగించి, తేదీ రాసి, రెండు సంతకాలతో మీ దగ్గర ఉంచుకోండి.

ఇందుకోసమే బంకు బిల్లులు పారెయ్యొద్దంటాను. యూపీఐ మెసేజ్ ఉన్నా బిల్లు అడగండి, కొన్ని బిల్లుల మీద డెన్సిటీ కూడా అచ్చవుతుంది. అనుమానం వస్తే బంకులోనే డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకుంది. హైడ్రోమీటరు, థర్మామీటరు, గాజు జార్ వాళ్ళ దగ్గర ఉండి తీరాలి. 15 డిగ్రీలకు లెక్కగట్టిన అంకెకు, వాళ్ళ రిజిస్టర్‌లో రాసిన అంకెకు తేడా ఘనపు మీటరుకి 3 కిలోలు దాటకూడదు. పెట్రోలుకైతే ఫిల్టర్ పేపర్ పరీక్ష కూడా అడగొచ్చు. ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోవాలి. మరక మిగిలితే కిరసనాయిలు లాంటిదేదో కలిసినట్టు. ఈ పరీక్షలో నీళ్ళు మాత్రం బయటపడవు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కదా, అది కొంతవరకు నీళ్ళని తనలో కలిపేసుకుంటుంది. మోతాదు మించితే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, పంపు ముందు తాగేది దాన్నే. అందుకే బాగా వానలు పడి బంకు ఆవరణలో నీళ్ళు నిలిచి ఉంటే నేను ఆ బంకులోకి బండి తిప్పను.

సర్వీస్ సెంటర్ మొండికేస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి, జాబ్ కార్డులన్నీ జతచేసి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ళ లోపు కేసు వెయ్యాలి. చాలా గొడవలు మెయిల్ దగ్గరే తేలిపోతాయి, కాగితాలు వరసగా ఉంటే.

నిజంగానే పోతే

కొన్నిసార్లు నిజంగానే పోతుంది. అప్పుడు నాలుగూ మార్చాలా, ఒకటా? బెంచి రిపోర్ట్ చూసి చెప్పాలి. ఇంజెక్టర్‌ని టెస్ట్ బెంచి మీద పెట్టి ఖాళీగా తిరిగేటప్పుడు, సగం లోడు, పూర్తి లోడు, ముందస్తు చిన్న చిమ్ముడు, ఒక్కో దశలో ఎంత పోస్తోంది, ఎంత వెనక్కి వదులుతోందో కొలుస్తారు. ఆ ప్రింట్ అడిగి తీసుకోండి, బాగుచేశాక మళ్ళీ తీసిన ప్రింట్ కూడా. మూడు హద్దుల్లో ఉండి ఒకటి తప్పితే ఒకటే మార్చండి. "సెట్టు మారిస్తేనే మంచిది" అనేది మాకు మంచిది, మీకు కాదు. సోలెనాయిడ్ (కరెంటు చుట్ట అయస్కాంతంతో తెరుచుకునే) రకాల్లో చాలావాటికి నాజిల్, వాల్వ్ సెట్ మార్చి బాగుచెయ్యొచ్చు. పీజో రకం పాడైతే ఎక్కువగా కొత్తదే. సెకండ్ హ్యాండ్ ఇంజెక్టర్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

మార్చే ముందు ఒకటి తేల్చుకోవాలి, ఇది చాలా ముఖ్యం: ఎందుకు పోయింది? పాత ఫిల్టర్‌ని పారెయ్యనివ్వకండి. కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టి చూడండి. గోధుమ రంగు మడ్డి ఉంటే డీజిల్ తప్పు, నారింజ రంగు మచ్చలుంటే నీళ్ళకి పట్టిన తుప్పు. మిలమిలలాడే నలుసులు కనబడితే అయస్కాంతం దగ్గర పెట్టండి. ఫిల్టర్ దాకా ఆ మెరుపు వచ్చిందంటే హై ప్రెషర్ పంపే అరిగి, లోహపు పొడి రిటర్న్ దారిలో వ్యవస్థంతా తిరుగుతోందని. ఆ స్థితిలో నాలుగు కొత్త ఇంజెక్టర్లు పెట్టినా నెలల్లో అవీ పోతాయి. నాజిల్ రంధ్రం మిల్లీమీటర్లో పదో వంతు, లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. ఆ పొడికి అక్కడ చోటు లేదు. పంపు, రైలు, పైపులు, ట్యాంకు కడగడం, అన్నీ చెయ్యాలి. ఖర్చు విని గుండె గుభేలుమంటుంది కానీ సగం పని చేయించడం కంటే చేయించకపోవడం నయం.

ట్యాంకులో పెట్రోలు పోయించుకున్న డీజిల్ బళ్ళకి కూడా ఇదే గతి పడుతుంది, పంపుకి జిడ్డు డీజిలే కాబట్టి. అలా పోసినట్టు బంకులోనే తెలిస్తే తాళం కూడా తిప్పకుండా నెట్టి పక్కన పెట్టండి.

బిగించేటప్పుడు మూడు సంగతులు అడగండి. ఇంజెక్టర్ కింద రాగి వాషర్ కొత్తది వేశారా? పాతదే వేస్తే మంట పక్కనుంచి తన్నుకొచ్చి, ఇంజెక్టర్ చుట్టూ తారులా నల్లగా గడ్డకట్టుకుపోతుంది. తర్వాత ఆ ఇంజెక్టర్ పీకడమే ఒక యజ్ఞం. రిటర్న్ గొట్టాల రింగులు మార్చారా? ఇంజెక్టర్ నెత్తి మీద అచ్చేసిన అంకెలు, అక్షరాల కోడ్ స్కానర్‌తో ఈసీయూలోకి ఎక్కించారా? ప్రతి ఇంజెక్టర్ తయారీలో వెంట్రుకవాసి తేడాతో పుడుతుంది, ఆ తేడా ఎంతో ఈసీయూకి చెప్పేది ఆ కోడే. అది ఎక్కించకుండా పంపేస్తే బండి ఖాళీగా తిరిగేటప్పుడు ఊగుతుంది, పొగ వస్తుంది, మళ్ళీ "ఇంజెక్టర్ పోయింది" అని మొదటికొస్తారు. ఆ కోడ్లు ఏ సిలిండర్‌ది ఏదో బిల్లు మీద రాయించుకోండి.

ఆయిల్‌లో డీజిల్ కలిసిన బండికి ఇంజెక్టర్ బాగయ్యాక ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చందే షెడ్డు నుంచి తియ్యకండి. తీసిన ఇంజెక్టర్లు మూతలు పెట్టించి, సిలిండర్ నెంబరు రాసిన కవర్లలో మీతో తీసుకెళ్ళండి. వారంటీ కింద మార్చినవైతే పాతవి కంపెనీకి తిప్పి పంపాలి అంటారు, అప్పుడు ఫొటో చాలు. మొదటి నెల వారానికోసారి డిప్‌స్టిక్ తియ్యండి. ఆయిల్ పెరగకుండా ఉంటే మళ్ళీ నా షాపు దారి చూడక్కర్లేదు.